రక్తంలో తగ్గిన పొటాషియం, కండరంలో చేరిన పొటాషియం: ఒక కేస్ స్టడీ

మాఘమాసం పెళ్ళిళ్ళ రోజుల్లో ఒక తెల్లవారుజామున, ఉప్పల్ వైపు నుంచి 29 ఏళ్ళ యువకుణ్ణి నలుగురు మోసుకుంటూ హైదరాబాద్‌లోని మా అత్యవసర విభాగానికి తీసుకువచ్చారు. రెండు కాళ్ళూ పడిపోయాయి. చేతులు ఎత్తగలుగుతున్నాడు గాని భుజాల దగ్గర పట్టు లేదు. మాట స్పష్టంగానే ఉంది, మూతి వంకర పోలేదు, మింగడానికి ఇబ్బంది లేదు, ఊపిరి సాఫీగా ఆడుతోంది, మూత్రం బిగబట్టలేదు. పక్షవాతం వచ్చిందని ఇంటిల్లిపాదీ హడలిపోయి ఉన్నారు. "రాత్రి మంచిగ తిని పండుకున్నడు సారూ, పొద్దుగాల లేవబోతే కాళ్ళు కదుల్తలేవంటున్నడు" అని తల్లి పదే పదే చెబుతోంది. ఆమె చెప్పిన ఆ ఒక్క వాక్యంలోనే రోగ నిర్ధారణకు కావలసిన సగం సమాచారం ఉంది. (రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలను ఇక్కడ మార్చాను.)

ముందురోజు మేనమామ కూతురి పెళ్ళి. ఫంక్షన్ హాలులో పొద్దంతా కుర్చీలు, వంటపాత్రలు మోశాడు. రాత్రి బగారా అన్నం కడుపునిండా తిని, డబుల్ కా మీఠా రెండుసార్లు వేయించుకుని, కూల్‌డ్రింక్ తాగి పడుకున్నాడు. మూడు గంటల వేళ పిక్కలు లాగుతున్నట్టు మెలకువ వచ్చింది. పక్కకు తిరగబోతే తొడలు మాట వినలేదు. ఇంటి దగ్గరి ఒక క్లినిక్‌లో నీరసమనుకుని గ్లూకోజు బాటిల్ ఎక్కించారు. సగం బాటిల్ అయ్యేసరికి, అంతవరకూ బాగున్న చేతులు కూడా బరువెక్కడం మొదలైందని అతనే చెప్పాడు. విరేచనాలు, వాంతులు, జ్వరం లేవు. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలేవీ వాడలేదు. కుటుంబంలో ఎవరికీ ఇలా కాలేదు. తరచి తరచి అడిగితే మరో రెండు సంగతులు బయటపడ్డాయి. అంతకు ముందు రెండు నెలల్లో ఒకటి రెండుసార్లు పొద్దున మెట్లెక్కలేకపోయాడు, గంటా రెండు గంటల్లో దానంతట అదే సర్దుకుంది. ఆకలి పెరిగినా ఒళ్ళు మాత్రం తగ్గుతూ వచ్చింది. జీడిమెట్లలో నైట్ డ్యూటీలు చేస్తున్నాడు కాబట్టి నిద్ర చాలక చిక్కిపోతున్నాడని ఇంట్లో అనుకున్నారు.

పరీక్షలో తొడ కండరాల బలం అయిదింట ఒకటి, పాదాల దగ్గర అయిదింట మూడు, చేతుల్లో నాలుగు ఉన్నాయి. మోకాలి ప్రతిచర్యలు రెండు వైపులా లేవు. స్పర్శ, నొప్పి, కీళ్ళ స్థితి తెలియడం అన్నీ మామూలుగా ఉన్నాయి. స్పర్శ చెక్కుచెదరకుండా, శరీరానికి రెండు వైపులా సమానంగా, కాళ్ళూ చేతుల మొదళ్ళలో ఎక్కువగా కండరం మాత్రమే సొమ్మసిల్లినప్పుడు మెదడును, వెన్నుపామును కాసేపు పక్కన పెట్టి కండరం గురించి ఆలోచించాలి. అంతకంటే నన్ను ఆపింది నాడి. కదలకుండా పడుకున్న మనిషికి నిమిషానికి 116 కొట్టుకుంటోంది. ఆ చలిలోనూ అరచేతులు వెచ్చగా, చెమ్మగా ఉన్నాయి. చేతులు చాపించి వేళ్ళ మీద ఒక తెల్లకాగితం పరిచాను. కాగితం అంచు సన్నగా, ఆగకుండా వణుకుతూనే ఉంది. మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి కాస్త ఉబ్బి, మెత్తగా చేతికి తగిలింది. కళ్ళలో తేడా ఏమీ లేదు.

పరీక్షల ఫలితాలు

పొటాషియం లీటరుకు 1.8 మిల్లీమోల్స్, ఉండవలసింది 3.5 నుంచి 5. సోడియం 140, బైకార్బొనేట్ 24, రక్తపు ఆమ్లత మామూలు. ఫాస్ఫేట్ 1.6 మి.గ్రా.కు పడిపోయింది, మెగ్నీషియం సరిపడా ఉంది. పొటాషియం తగ్గిన గుర్తుగా ఈసీజీలో టీ తరంగాలు చదునై, వాటి వెనక యూ తరంగాలు లేచాయి. పీఆర్ వ్యవధి 0.22 సెకన్లకు సాగింది. మూత్రంలో పొటాషియం లీటరుకు 8 మాత్రమే. క్రియాటినిన్‌తో పోల్చి చూస్తే గ్రాముకు 10. ఆ సాయంత్రానికి వచ్చిన థైరాయిడ్ ఫలితాల్లో థైరాయిడ్‌ను నడిపించే టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ, థైరాయిడ్ హార్మోన్ అయిన ఫ్రీ టీ4 4.6. అంటే గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోంది.

మన దగ్గర పొటాషియం పడిపోయి కాళ్ళు చచ్చుబడిన రోగి రాగానే ఆలోచించవలసిన కారణాలు చాలా ఉన్నాయి. మూత్రనాళికల్లో ఆమ్లాన్ని బయటకు పంపే పని చెడితే (రీనల్ ట్యూబ్యులర్ ఆసిడోసిస్) పొటాషియం మూత్రంలో పోతూనే ఉంటుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. విరేచనాల్లో పేగు నుంచి పోతుంది. డెంగీ జ్వరంలోనూ ఇలాంటి బలహీనత కనబడుతుంది. ఈ రోగి మూత్రంలో పొటాషియం దాదాపు లేదు, అంటే మూత్రపిండాలు దాన్ని గట్టిగా పట్టి ఉంచుతున్నాయి. రక్తంలో ఆమ్లత మారలేదు. పేగు నుంచి పోయిన దాఖలా లేదు. కాబట్టి పొటాషియం ఒంట్లోంచి బయటకు పోలేదు. ఒంట్లోనే ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్ళింది.

ఎంత వెళ్ళింది, ఎక్కడికి వెళ్ళింది

ఇక్కడ లెక్క వేయడం చాలా అవసరం. నా దృష్టిలో ఈ కేసుకు కీలకం ఆ లెక్కే. మనిషి ఒంట్లో కిలోకు సుమారు 50 మిల్లీమోల్స్ పొటాషియం ఉంటుంది. 60 కిలోల ఈ యువకుడిలో 3,000. అందులో దాదాపు 98 శాతం కణాల లోపలే, అందులోనూ చాలా భాగం కండరాల్లోనే ఉంటుంది. కణాల వెలుపల ఉన్న ద్రవం అతనిలో సుమారు 12 లీటర్లు. ఆ 12 లీటర్లలో పొటాషియం 4.2 నుంచి 1.8కి పడిపోవాలంటే 29 మిల్లీమోల్స్ లోపలికి వెళ్తే చాలు. అది మొత్తం నిల్వలో ఒక శాతం. కణాల లోపల లీటరుకు 150 ఉన్న చోట అది 151 అవుతుంది. ఆ తేడాను లోపలి లెక్కలో ఎవరూ గుర్తించలేరు. కాని వెలుపల అదే పరిమాణం ఒక బలమైన యువకుణ్ణి మంచానికి అంటించేసింది.

లోపల 150, వెలుపల 4 అన్న ఈ వ్యత్యాసం కణత్వచం వల్లే నిలబడుతోంది. కొవ్వు అణువుల రెండు వరుసలతో ఏర్పడిన ఆ పొర మందం సుమారు 5 నానోమీటర్లు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ వంటివి కొవ్వులో కరుగుతాయి కాబట్టి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి విసరణ ద్వారా నేరుగా దాటిపోతాయి. విద్యుదావేశమున్న అయాన్‌కు ఆ వీలు లేదు. దాని చుట్టూ నీటి అణువులు గట్టిగా అంటుకుని ఉంటాయి. ఆ నీటిని వదిలి కొవ్వులోకి దిగడానికి కావలసిన శక్తి దానికి లేదు. అందుకే అయాన్లు పొరలో అమరి ఉన్న ప్రోటీన్ల ద్వారానే రాకపోకలు సాగిస్తాయి. ఈ కేసులో మనకు కావలసిన ప్రోటీన్లు రెండు.

మొదటిది సోడియం-పొటాషియం పంపు. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ పీతల కాళ్ళ నరాల మీద పనిచేస్తూ 1957లో దీన్ని కనుగొన్నాడు; అందుకు 1997లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగం అందుకున్నాడు. ఈ పంపు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చు చేసి, ప్రతిసారీ మూడు సోడియం అయాన్లను బయటకు తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. వాలుకు ఎదురుగా సాగే సక్రియ రవాణా ఇది. ఆ ఏటీపీని కండరం నుంచి వేరు చేసి 1929లో లోకానికి తెలియజేసిన వారిలో అమెరికా శాస్త్రవేత్త ఫిస్క్‌తో పాటు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడని విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు నేను తప్పకుండా గుర్తు చేస్తాను. అలాంటి విషయం మన పిల్లలకు తెలియకపోవడం బాధాకరం.

రెండోది పొటాషియం చానెల్. ఇది శక్తి ఖర్చు చేయదు. లోపల కిక్కిరిసి ఉన్న పొటాషియాన్ని వాలు వెంబడి బయటకు పోనిస్తుంది. దీని నిర్మాణాన్ని 1998లో అమెరికా శాస్త్రవేత్త రోడరిక్ మెకినన్ బయటపెట్టాడు. చానెల్‌లోని ఇరుకు మార్గంలో వరుసగా ఆక్సిజన్ పరమాణువులు అమరి ఉంటాయి. పొటాషియం తన చుట్టూ ఉన్న నీటిని వదిలేస్తే, ఆ నీటి చోటును అవి సరిగ్గా భర్తీ చేస్తాయి. సోడియం అంతకంటే చిన్నది. ఆ ఆక్సిజన్లు దానికి అందవు, కాబట్టి అది నీటిని వదలదు, లోపలికి దూరలేదు. చిన్నది ఆగిపోయి పెద్దది దాటిపోయే ఈ ఏర్పాటును ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గదు.

ఈ రెండింటి పొత్తును రోగి బంధువులకు నేను అపార్ట్‌మెంటు నీళ్ళతో చెబుతాను. కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు. పైనుంచి నీళ్ళు తిరిగి కిందికి దిగే గొట్టం ఒకటి ఉందనుకోండి. మోటారు ఆగకుండా తిరిగి, దిగే గొట్టం మూసుకుపోతే సంపు ఎండిపోతుంది. సంపు ఎండింది గనుక ఇంట్లో నీళ్ళు లేవనుకుని ట్యాంకర్ తెప్పించి నింపితే, మోటారు ఆగి గొట్టం తెరుచుకున్న మరుక్షణం సంపు పొంగిపొర్లుతుంది. మనం రక్తంలో కొలిచే పొటాషియం ఆ సంపులోని మట్టం మాత్రమే.

ఆ రాత్రే ఎందుకు

థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనప్పుడు కండర కణాలు ఈ పంపులను ఎక్కువ సంఖ్యలో తయారు చేస్తాయి. అడ్రినలిన్, కణం మీద తనను అందుకునే బీటా-2 గ్రాహకాల ద్వారా, ఆ పంపులను వేగంగా తిప్పుతుంది. థైరాయిడ్ ఎక్కువైన ఒంట్లో అడ్రినలిన్ ప్రభావం ముందే పెరిగి ఉంటుంది. ఇన్సులిన్ కూడా అదే పంపును హుషారు చేస్తుంది. పిండిపదార్థాలు, తీపి దండిగా పడితే ఇన్సులిన్ ఒక్కసారి పెరుగుతుంది. కష్టపడి పనిచేస్తున్నంతసేపూ కండరాల నుంచి పొటాషియం కొంత బయటకు వస్తూ ఉంటుంది; పని ఆపి పడుకోగానే తిరిగి లోపలికి వెళ్ళడం మొదలవుతుంది. పొద్దంతా మోత, రాత్రి విందు, ఆపైన నిద్ర: మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. క్లినిక్‌లో ఎక్కించిన గ్లూకోజు మరికొంత ఇన్సులిన్‌ను పిలిచింది కాబట్టి చేతులకు కూడా బలహీనత పాకింది.

థైరాయిడ్ హార్మోన్‌ను పెంచే గ్రేవ్స్ జబ్బు ఆడవాళ్ళలోనే ఎక్కువైనా ఈ పక్షవాతం (థైరోటాక్సిక్ పీరియాడిక్ పెరాలసిస్) మాత్రం ఎక్కువగా యువకుల్లో, అందులోనూ ఆసియా వాసుల్లో కనబడుతుంది. మగవారిలో కండరం పరిమాణం ఎక్కువ, పురుష హార్మోన్లు కూడా పంపు పనిని పెంచుతాయి. వీటితో పాటు కొందరిలో కండరానికి ప్రత్యేకమైన ఒక పొటాషియం చానెల్ జన్యువులో లోపాలున్నట్టు 2010లో తేలింది. అంటే అలాంటి వారిలో మోటారు జోరుగా తిరగడంతో పాటు దిగే దారి కూడా మొదటి నుంచీ ఇరుకే.

ఇక్కడ చదువుకున్న వారు సైతం తడబడే ఒక మలుపు ఉంది. పొటాషియం లెక్కన చూస్తే, వెలుపల 4.2 ఉన్నప్పుడు కండర త్వచం లోపలి వైపు విద్యుత్ పీడనం మైనస్ 95 మిల్లీవోల్టుల దగ్గర ఉండాలి, 1.8కి పడిపోతే మైనస్ 117కు దిగాలి. కాని దాడి సమయంలో కండర పోగులను కొలిచినప్పుడు అవి మైనస్ 60, మైనస్ 50 వైపు ఎగబాకి ఉంటాయి. కారణం ఆ చానెళ్ళ స్వభావంలోనే ఉంది: వెలుపల పొటాషియం బాగా తగ్గితే అవి బయటకు దారినివ్వడం మానేస్తాయి. పొటాషియం పట్టు సడలగానే, లోపలికి నిత్యం కొద్దికొద్దిగా కారే సోడియం పైచేయి సాధించి త్వచాన్ని ఆ స్థాయికి లాగుతుంది. ఆ స్థాయిలో సోడియం చానెళ్ళు మూసుకుని, మళ్ళీ తెరుచుకోలేని స్థితిలో ఉండిపోతాయి. నరం ఎంత ఆజ్ఞాపించినా కండరంలో ప్రేరణ పుట్టదు. మోకాలి మీద సుత్తి పడినా కాలు కదలకపోవడానికి ఇదే మూలం. పైగా దారి మూసుకున్న కొద్దీ పొటాషియం లోపలే చిక్కుకుంటుంది, చిక్కుకున్న కొద్దీ వెలుపల ఇంకా తగ్గుతుంది, తగ్గిన కొద్దీ దారి ఇంకా మూసుకుంటుంది.

చికిత్స

కాబట్టి ఇక్కడ చేయవలసిన పని పంపు జోరు తగ్గించడం. ఉబ్బసం లేదని రూఢి చేసుకుని, అడ్రినలిన్ ప్రభావాన్ని బీటా గ్రాహకాల దగ్గర అడ్డుకునే ప్రొప్రనొలాల్ 60 మి.గ్రా. నోటి ద్వారా ఇచ్చాం, రెండు గంటల తర్వాత మరో 60. కండరంలోని పంపును తిప్పేది బీటా-2 గ్రాహకం గనుక, గుండెలోని బీటా-1 మీదే ప్రధానంగా పనిచేసే మెటొప్రొలాల్ ఇక్కడ సరిపోదు. ఈసీజీలో మార్పులున్నాయి కాబట్టి గుండె రక్షణ కోసం పొటాషియం కూడా ఇచ్చాం: నోటి ద్వారా సిరప్ రూపంలో 20 మిల్లీమోల్స్, నార్మల్ సెలైన్‌లో కలిపి గంటకు 10 చొప్పున రెండు గంటలు. గ్లూకోజు ద్రవం దగ్గరికి రానివ్వలేదు. ఈసీజీ తెర మీద నిరంతరం కనిపిస్తూనే ఉంది.

ఆరుంపావుకు 1.8 ఉన్న పొటాషియం ఎనిమిదింటికి 1.9 దగ్గరే ఆగింది. పదింటికి 2.6 అయింది, అప్పటికి అతను కుడి బొటనవేలు పైకి లేపి చూపించాడు. అక్కడితో నేను సెలైన్‌లో పొటాషియం ఆపించాను. "ఇంకా 2.6 ఉంది కదా సార్, ఇప్పుడే ఆపడమా?" అని డ్యూటీ డాక్టర్ అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది, జవాబు పై లెక్కలోనే ఉంది. మనం ఇచ్చింది 40, కండరాల నుంచి తిరిగి రావలసింది 29. రెండూ కలిసి ఆ 12 లీటర్లలోకి ఒకేసారి చేరి, మూత్రపిండాలు పంపేయకపోతే పొటాషియం 7.5 దాటుతుంది. ఆ స్థాయిలో గుండె ఆగిపోవచ్చు. నిజంగా పొటాషియం పోయిన రోగిలో 1.8 అంటే కొన్ని వందల మిల్లీమోల్స్ లోటు. అక్కడ ఇచ్చినదాన్ని కణాలు పీల్చుకుంటాయి, రక్తంలో అంకె మెల్లగా పెరుగుతుంది. ఒకే అంకె వెనక ఇంత భిన్నమైన స్థితులున్నాయి కాబట్టే పొటాషియం ఒంట్లోంచి పోయిందో, కణాల్లోకి జరిగిందో ముందు తేల్చుకోవాలి.

మధ్యాహ్నం పన్నెండింటికి 3.9. అప్పటికి తొడలు లేపుతున్నాడు, మోకాలి ప్రతిచర్యలు వచ్చాయి. మూడింటికి, ఆపిన అయిదు గంటల తర్వాత కూడా పెరుగుతూ, 4.9కి చేరింది. అక్కడ నిలిచి సాయంత్రానికి 4.4కు దిగింది. ఫాస్ఫేట్‌కు మేమేమీ ఇవ్వలేదు. పొటాషియంతో పాటే లోపలికి వెళ్ళిన అది దానితోనే వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం అతను వార్డులో తల్లి భుజం పట్టుకుని ఒక చివర నుంచి మరో చివరికి నడిచాడు.

ఆ తర్వాత

థైరాయిడ్ మీద దాడి చేసే ప్రతిరక్షకాలు రక్తంలో ఉన్నాయి. గ్రేవ్స్ జబ్బేనని తేలింది. థైరాయిడ్ హార్మోన్ తయారీని తగ్గించే కార్బిమజోల్ రోజుకు 30 మి.గ్రా., ప్రొప్రనొలాల్ 40 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు మొదలుపెట్టాం. జ్వరంతో గొంతునొప్పి వస్తే కార్బిమజోల్ ఆపి వెంటనే తెల్లకణాల పరీక్ష చేయించుకోవాలని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం. కుటుంబంలో తరతరాలుగా వచ్చే పొటాషియం పక్షవాతానికి వాడే ఎసిటజోలమైడ్ ఇక్కడ పనికిరాదు సరికదా, పరిస్థితిని దిగజార్చవచ్చు. కేసు చీటీలో అది కూడా స్పష్టంగా రాశాను, మరో చోటికి వెళ్ళినప్పుడు ఎవరూ పొరబడకుండా.

డిశ్చార్జి రోజున అతను అడిగింది ఒక్కటే: "నాకు పొటాషియం తక్కువనే కదా సార్, రోజూ కొబ్బరినీళ్ళు తాగాల్నా, అరటిపండ్లు తినాల్నా?" అతనికి ఒంట్లో మొత్తం మీద పొటాషియం తక్కువ లేదని, ఎప్పుడూ తక్కువ కాలేదని, దాడి లేని రోజుల్లో పొటాషియం తీసుకున్నా మరో దాడి ఆగదని కూర్చోబెట్టి వివరించాను. హార్మోను అదుపులోకి వచ్చేదాకా రాత్రిపూట అన్నం, మిఠాయి ఒకేసారి కడుపునిండా తినవద్దని, ఒళ్ళు విరిగేలా పనిచేసి ఆ వెంటనే పడుకోవద్దని, మద్యం తాగవద్దని చెప్పాను. ఏ ఆసుపత్రికి వెళ్ళినా గ్లూకోజు ఎక్కించే ముందే ఈ జబ్బు పేరు చెప్పాలని తల్లికి రెండుసార్లు అప్పజెప్పించాను.

ఎనిమిది వారాలకు ఫ్రీ టీ4 మామూలు స్థాయికి దిగింది. టీఎస్‌హెచ్ ఇంకా అణిగే ఉంది. అది కోలుకోవడానికి నెలలు పడుతుంది, దాన్ని చూసి మందు పెంచనవసరం లేదు. ఆ మధ్యలో దాడి రాలేదు, బరువు నాలుగు కిలోలు పెరిగాడు. హార్మోను అదుపులో ఉన్నంతకాలం ఈ పక్షవాతం తిరిగి రాదు. కాని ఏడాది, ఏడాదిన్నర మాత్రలు వాడి ఆపితే దాదాపు సగం మందిలో గ్రేవ్స్ జబ్బు మళ్ళీ తలెత్తుతుంది. మిగతా రోగుల్లో జబ్బు తిరగబెడితే గుండె దడ, వణుకు వస్తాయి. ఇతనిలో పక్షవాతమే తెల్లవారుజామున యంత్రాల మధ్య నైట్ డ్యూటీలో రావచ్చు. అందుకే రేడియో అయోడిన్‌తో గ్రంథి పనిని శాశ్వతంగా ఆపి, ఆపైన థైరాక్సిన్ మాత్ర జీవితాంతం వాడుకోవడమే మంచిదని నా అభిప్రాయం చెప్పాను. రోజూ ఒక మాత్ర అన్న మాటకు తల్లి వెనుకాడింది, అతను మాత్రం ఒప్పుకున్నాడు. అయోడిన్ ఇచ్చాక హార్మోను పూర్తిగా తగ్గడానికి కొన్ని వారాల నుంచి నెలలు పడుతుంది గనుక, అంతవరకూ ప్రొప్రనొలాల్ ఆపకూడదని కేసు చీటీలో రాసి న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి పంపాను.